కారు చక్రం బేరింగు హోరు: గుర్తుపట్టడం, మార్పించడం

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు, నీళ్లలో నిలిచిపోయిన బండ్లలో మా స్విఫ్ట్ కూడా ఉంది. నీరు చక్రాల నడిమి దాకా వచ్చి ఆగింది, ఇంజనులోకి పోలేదు. వరద తీశాక అందరూ చేయించినవే మేమూ చేయించాం: గేరు బాక్సు ఆయిలు మార్పించాం, బ్రేకులు విప్పించి కడిగించాం, సీట్లు తీయించి కింద పరిచిన మందపాటి పట్టాలను ఎండలో ఆరబెట్టించాం. చక్రాల బేరింగుల (రెండు రింగుల మధ్య ఉక్కు గుండ్లు దొర్లుతూ చక్రాన్ని తేలిగ్గా తిరగనిచ్చే భాగాల) ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందులో ఆశ్చర్యమేమీ లేదు, ఎందుకంటే సీలు వేసి మూసి ఉండే ఆ భాగానికి మామూలు సర్వీసులో చేసే పనంటూ ఏదీ ఉండదు. గ్రీజు పెట్టే వీలు లేదు, బిగువు సరిచేసే వీలు లేదు. మోగేదాకా వాడటం, మోగిన తర్వాత మార్చడం, అంతే. మరుసటి ఏడాది వేసవి నాటికి మా బండి మోగడం మొదలుపెట్టింది.

గంటకు 40 కిలోమీటర్ల లోపు ఏమీ తెలిసేది కాదు. 50 దాటగానే కాళ్ల కింది నుంచి సన్నని హోరు మొదలై, గుంటూరు వైపు హైవే మీద 80కి చేరేసరికి పక్క వీధిలో పిండిమర ఆడుతున్నట్టు నిండుగా వినిపించేది. ఇలాంటి మోత వినగానే ముందు తేల్చుకోవలసింది అది ఇంజనుతో తిరుగుతోందా, చక్రంతో తిరుగుతోందా అన్నది. ఖాళీ రోడ్డు మీద క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దానంతట దాన్ని దొర్లనిస్తే ఇంజను చప్పుడు వెంటనే పడిపోతుంది. హోరు మాత్రం పడిపోకుండా బండి వేగంతోపాటే మెల్లగా తగ్గుతూ వస్తే ఇంజను, దానికి అనుబంధంగా తిరిగే ఆల్టర్నేటరు, వాటర్ పంపు వంటివన్నీ అనుమానితుల జాబితాలోంచి తొలగిపోతాయి. మిగిలేవి టైర్లు, చక్రాల బేరింగులు, గేరు బాక్సులో చక్రాల వైపు తిరిగే భాగాలు.

హోరు ఆ స్థాయిలోనే ఎందుకు ఉంటుందో చిన్న లెక్క వేస్తే అర్థమవుతుంది. మా బండికి ఉన్నవి 165/80 ఆర్14 టైర్లు. వాటి చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. బేరింగులో ఒక్కో వరుసకు 13 ఉక్కు గుండ్లు ఉన్నాయనుకుందాం. కదలకుండా ఉండే బయటి రింగు మీద ఒకచోట గుంట పడితే, చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా ఆ గుంట మీదుగా అయిదారు గుండ్లు దాటతాయి. అంటే సెకనుకు నలభై అయిదు దెబ్బల దాకా పడతాయన్నమాట. విడివిడిగా వినబడనంత దగ్గర దగ్గరగా పడే ఆ దెబ్బలే బండి రేకు కప్పులో హోరుగా మారతాయి. వేగం పెరిగితే దెబ్బల సంఖ్య అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి హోరు స్థాయి కూడా పైకి జరుగుతుంది. బేరింగు మోత ఎప్పుడూ వేగాన్ని అంటిపెట్టుకుని ఉండటానికి కారణం ఇదే.

అయితే అరిగిన టైరు కూడా అచ్చం ఇలాగే మోగుతుంది, ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. షాక్ అబ్జార్బరు బలహీనపడినా, అలైన్‌మెంటు తప్పినా టైరు గుల్లలు గుల్లలుగా అరుగుతుంది. అరచేతిని టైరు మీద ముందుకొకసారి, వెనక్కొకసారి రాస్తే ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపపు పళ్లలా తగులుతుంది. టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది: సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్తగా వేసిన తారు మీద మరోలా వినిపిస్తుంది. బేరింగు మోతకు రోడ్డుతో పెద్దగా నిమిత్తం ఉండదు. ఇంకా అనుమానం ఉంటే ముందు టైర్లను వెనక్కు, వెనక టైర్లను ముందుకు మార్పించి చూడాలి. మోత టైరుతోపాటు జరిగితే టైరుది, జరగకపోతే బేరింగుది. మా బండికి ఈ పరీక్ష చేయించాం, మోత ఉన్నచోటే ఉండిపోయింది. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు మాత్రమే టకటకమని కొట్టే చప్పుడు ఇంకో రకానికి చెందినది, అది చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటుది. డిస్కు వెనకున్న రేకు పళ్లెంలో చిన్న రాయి ఇరుక్కున్నా గరగరమంటుంది, అది కాసేపు వెనక్కు నడిపితే చాలాసార్లు రాలిపోతుంది.

బేరింగే అని తేలాక, ఏ చక్రానిది? చెవిని నమ్మితే తప్పుదారి పట్టడం ఖాయం, ఎందుకంటే బండి చట్రం మోతను అటూ ఇటూ మోసుకుపోతుంది. ముందు చక్రం మోత వెనక సీటు కింద వినిపించిన బండ్లు ఉన్నాయి. దీనికి పనికొచ్చే పరీక్ష బరువు మార్చడం. బండి కుడివైపు తిరిగేటప్పుడు శరీరం ఎడమకు ఒరుగుతుంది, ఎడమ చక్రాల మీద భారం పెరుగుతుంది, కుడి చక్రాల మీద తగ్గుతుంది. ముందూ వెనకా ఎవరూ లేని వెడల్పాటి రోడ్డు మీద, మోత స్పష్టంగా వినిపించే వేగంలో, స్టీరింగును మెల్లగా కుడికి, మళ్లీ ఎడమకు వాల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మా బండిలో కుడికి వాల్చగానే హోరు ముదిరేది, ఎడమకు వాల్చగానే దాదాపు మాయమయ్యేది. కాబట్టి అనుమానం ఎడమవైపు పడింది. ఈ బేరింగుల్లో గుండ్లు రెండు వరుసలుగా ఉంటాయి. ఏ వరుస దెబ్బతిన్నదన్నదాన్ని బట్టి ఒక్కోసారి ఫలితం తారుమారు కావచ్చు కూడా. అందుకని ఈ ఒక్క పరీక్షతోనే పానా పట్టుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం.

తర్వాతి పని జాకీ మీద. బండిని చదును నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, చక్రాన్ని పైకి లేపి కింద స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి చేయి పెట్టకూడదు. టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపితే ఆట (వదులు వల్ల వచ్చే కదలిక) ఉందో లేదో చేతికి తెలుస్తుంది. ఆట తగిలితే, సాయానికి ఉన్నవారిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేకు డిస్కునూ, బేరింగును మోసే ఇనుప దిమ్మ అయిన నకుల్‌నూ ఒకటిగా పట్టేస్తుంది కాబట్టి అప్పుడు ఆట మాయమైతే అది బేరింగుది, మాయం కాకపోతే చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటుదో మరొకదానిదో. టైరును కుడి ఎడమలుగా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట తగిలితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ చివర చూడాలి.

మా బండి ఎడమవైపు ముందు చక్రంలో ఆట ఏమాత్రం లేదు. చాలామంది మేస్త్రులు ఇక్కడే "బేరింగు బాగుంది సార్" అని తేల్చేస్తారు. ఆట అనేది చివరి దశ లక్షణం. గుండ్లు పరుగెత్తే దారిలో చిన్న గుంటలు పడిన బేరింగు ఎంత హోరు పెట్టినా చాలాకాలం బిగువుగానే ఉంటుంది. ఆ దశలో దాన్ని పట్టిచ్చేది స్ప్రింగు. ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ, రెండో చేతి వేళ్లను సస్పెన్షన్ స్ప్రింగు మీద తేలిగ్గా ఆనిస్తే, బాగున్న బేరింగు ఏమీ చెప్పదు. పాడైనది సన్నని ఇసుక నలుగుతున్నట్టు వేళ్లకు జలజలమని తగులుతుంది. కుడి స్ప్రింగు నిశ్శబ్దంగా ఉండగా ఎడమ స్ప్రింగు అలా జలజలలాడింది. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను నకుల్‌కు ఆనించి పిడిని చెవికి పెట్టుకున్నా ఇదే తెలుస్తుంది. హైవే ప్రయాణం తర్వాత రెండు వైపుల హబ్బుల (చక్రం బిగించే నడిమి భాగాల) వేడిని పోల్చి చూసేవారూ ఉన్నారు, కానీ పట్టుకుపోయిన క్యాలిపరు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బ్రేకు భాగం) కూడా హబ్బును కాల్చేస్తుంది కాబట్టి ఆ తేడా ఒక్కటే సాక్ష్యం కాదు.

హోరు మాత్రమే ఉన్న బండిని జాగ్రత్తగా ఊళ్లో కొన్నాళ్లు నడపవచ్చు. అయితే గరగర వినిపిస్తున్నా, ఆట తగులుతున్నా, మలుపు తర్వాత బ్రేకు పెడలు లోతుగా పోతున్నా నడపకూడదు. ఆ చివరి లక్షణం గురించి తక్కువమందికి తెలుసు: హబ్బు పక్కకు ఒరిగినప్పుడు డిస్కు బ్రేకు ప్యాడ్లను వెనక్కు నెట్టేస్తుంది, మళ్లీ బ్రేకు తొక్కినప్పుడు ఆ ఖాళీ పూడేదాకా పెడలు కిందికి పోతుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకు దీపం వెలగడం కూడా బేరింగు ఆటకు గుర్తు కావచ్చు.

మా బండి ముందు చక్రానికి ఉన్నది నకుల్ రంధ్రంలోకి ప్రెస్సుతో (గట్టిగా నొక్కి దించే యంత్రంతో) ఎక్కించి, గాడిలో కూర్చునే ఉక్కు రింగు అయిన సర్‌క్లిప్పుతో ఆపే రకం. బేరింగు నడిమిలోకి హబ్బునూ అలాగే ప్రెస్సుతో ఎక్కిస్తారు. హబ్బూ బేరింగూ ఒకే ముక్కగా వచ్చి మూడు నాలుగు బోల్టులతో బిగిసే రకం ఉన్న కార్ల యజమానులు అదృష్టవంతులు, ప్రెస్సు అవసరం లేకుండా ఇంటి ముంగిట్లోనే మార్చుకోవచ్చు. పాత జీపుల్లో ఉండే టేపర్ రోలర్ బేరింగుల కథ వేరు: వాటిని కడిగి, గ్రీజు కూరి, నట్టు బిగించి, కొంచెం వదులు చేసి, స్ప్లిట్ పిన్ను వేసేవారు. ఆ అలవాటుతో ఈనాటి బేరింగు యాక్సిల్ నట్టును (డ్రైవ్ షాఫ్టు చివర బిగించేదాన్ని) కూడా అందాజాగా బిగించే చేతులు ఇప్పటికీ ఉన్నాయి, వాటికి దూరంగా ఉండాలి.

కొనేటప్పుడు పాత బేరింగు మీది నంబరుతో కాక బండి ఛాసిస్ నంబరుతో సరిచూసుకోవాలి, ఎందుకంటే ఒకే పేరున్న కారులో ఏడాదిని బట్టి, ఏబీఎస్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి బేరింగు మారుతుంది. కంపెనీ విడిభాగం దొరకకపోతే ఎన్‌బీసీ, ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ, ఎన్‌టీఎన్ వంటి పేరున్న తయారీ తీసుకోవచ్చు. ఈ పేర్లతోనే నకిలీలు కూడా దండిగా ఉన్నాయి. బిల్లు ఇవ్వనంటే అక్కడి నుంచి బయటికి రావడం మేలు. రెండు వైపులా జతగా మార్చాలనే సలహా నాకు కూడా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. షాక్ అబ్జార్బర్ల విషయంలో అది న్యాయమే. బేరింగుల విషయంలో బాగా పనిచేస్తున్నదాన్ని పీకితే, దాన్ని తీసేటప్పుడు పడే ఒత్తిడికి అది ఎలాగూ పనికిరాకుండా పోతుంది.

విప్పే పని ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డులో, నా కళ్ల ముందే జరిగింది. చక్రం నేల మీద ఉండగానే, యాక్సిల్ నట్టు అంచులో లోపలికి నొక్కి ఉన్న మడతను సన్నని ఉలితో లేపి, బ్రేకు తొక్కించి పెట్టి నట్టును కొంచెం వదులు చేశారు. ఇలా వదులు చేసిన తర్వాత బండిని చక్రాల మీద అటూ ఇటూ నెట్టకూడదు. బేరింగు లోపలి రింగు రెండు సగాలుగా ఉంటుంది, ఆ రెండింటినీ దగ్గరగా పట్టి ఉంచేది ఆ నట్టు బిగువే. తర్వాత క్యాలిపరు తీసి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా వైరుతో స్ప్రింగుకు కట్టారు. ఏబీఎస్ సెన్సరు తుప్పులో ఇరుక్కుని ఉంటే బలవంతంగా లాగకుండా, చుట్టూ నూనె వేసి మెల్లగా తిప్పుతూ తీయాలి. ప్లాస్టిక్ మెడ విరిగితే అదో కొత్త ఖర్చు. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే స్ట్రట్టు బోల్టుల స్థానాన్ని తెల్ల పెయింటుతో గుర్తుపెట్టారు. బాల్ జాయింటు బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి, లేకపోతే దాని గాడి వదలదు. డ్రైవ్ షాఫ్టు మరలను ఇనుప సుత్తితో కొట్టకుండా ప్లాస్టిక్ సుత్తితో తట్టి లోపలికి నెట్టారు, దాన్ని వేలాడనివ్వకుండా తాడుతో కట్టారు.

విప్పిన నకుల్‌ను ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు తీసుకుపోయాం. ఈ మరమ్మతు మంచీ చెడూ తేలేది ఇక్కడే. కొత్త బేరింగును నకుల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. హబ్బును బేరింగులోకి ఎక్కించేటప్పుడు కింద ఆధారం లోపలి రింగుకే ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా టన్నుల ఒత్తిడి ఒక రింగు నుంచి మరో రింగుకు గుండ్ల మీదుగా పోతుంది, గుండ్లు తమ దారిలో కంటికి కనిపించనంత చిన్న నొక్కులు వేస్తాయి, కొత్త బేరింగు కొన్ని నెలల్లోనే పాతదానిలా మోగడం మొదలుపెడుతుంది. "బేరింగు మార్పించినా మోత పోలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం నాసిరకం సరుకు కాదు, సుత్తి దెబ్బ. అందుకే సుత్తితో ఎక్కిస్తామనే చోట ఎంత చవగ్గా చేసినా చేయించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ప్రెస్సు పనివారి సొరుగులో రకరకాల వ్యాసాల ఇనుప గొట్టపు ముక్కలు ఉన్నాయి. ఆయన ఒక్కోదాన్ని బేరింగు మీద ఆనించి, వేలిగోటితో అంచు చుట్టూ తడిమి, బయటి రింగుకే ఆనుతోందని తేలిన తర్వాతే ప్రెస్సు పిడి పట్టుకున్నారు.

హబ్బు బయటికి వచ్చినప్పుడు పాత బేరింగు లోపలి రింగులో ఒక సగం దాని మెడకు అంటుకునే వచ్చింది, ఇది దాదాపు ఎప్పుడూ జరిగేదే. దాన్ని గ్రైండరుతో ఒకచోట ఏటవాలుగా, హబ్బుకు తగలకుండా చాలావరకు కోసి, మిగిలిన పలుచని పొరను ఉలితో ఒక్క పోటు పొడిస్తే పగిలి వదులైంది. హబ్బు మెడ మీద గీత పడితే కొత్త బేరింగు అక్కడ సరిగా కూర్చోదు. నకుల్ రంధ్రంలోని తుప్పును ఎమరీ కాగితంతో తీసి, తుడిచి, పలుచగా నూనె రాశారు.

పాత బేరింగును నేను అడిగి తీసుకుని, దాని సీలు ఊడదీయించి చూశాను. తేనె రంగులో ఉండవలసిన గ్రీజు ఒకవైపు మజ్జిగలా తెల్లబడి, మరోవైపు బూడిద రంగు ముద్దలా ఉంది. గుడ్డతో తుడిచాక బయటి రింగు లోపలి దారిలో, కింది భాగంలో, సమానమైన ఎడంతో నల్లటి మచ్చలు వరుసగా కనిపించాయి. రెండు మచ్చల మధ్య ఎడం సరిగ్గా రెండు గుండ్ల మధ్య ఎడమే. అంటే బండి నీళ్లలో కదలకుండా నిలిచినప్పుడు, సీలు పెదవి దాటి వచ్చిన తేమ గుండ్లు ఆనిన చోటల్లా ఉక్కును తినేసింది. ఆ మచ్చల మీదుగా గుండ్లు నెలల తరబడి దొర్లేసరికి అంచులు పొలుసులుగా లేచాయి. రెండు మచ్చల దగ్గర గోరు పట్టేంత గుంట పడింది. నిలిచిన బండికే ఇలా జరగాలని లేదు: హైవే మీద వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా అండర్ పాస్ నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకు సీలు గుండా నీరు లోపలికి వస్తుంది. నీళ్లు కాక బేరింగును తినేది అధిక బరువు. బాల్ బేరింగు ఆయుష్షు దాని మీది భారం ఘనానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, భారం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందం కోసం చక్రాలను బయటికి జరిపే స్పేసర్లు వేయించేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కొత్త బేరింగుకు ఒకవైపు సీలు మీద నల్లటి అయస్కాంతపు పట్టీ ఉంది, ఏబీఎస్ సెన్సరు చదివేది దాన్నే. ఆ వైపు సెన్సరు ఉన్న లోపలి దిక్కుకే ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే బండి నడుస్తుంది కానీ ఏబీఎస్ దీపం ఆరదు, దాన్ని సరిచేయాలంటే మళ్లీ కొత్త బేరింగు కొనవలసిందే. కాగితాలకు పెట్టే చిన్న ఇనుప క్లిప్పును దారానికి కట్టి దగ్గరికి తెస్తే ఏ వైపు లాగుతుందో తెలిసిపోతుంది. అయస్కాంతపు ట్రేలో మాత్రం ఆ బేరింగును పెట్టకూడదు. బేరింగు పూర్తిగా కూర్చున్నాక సర్‌క్లిప్పు తన గాడిలో చుట్టూ పడిందో లేదో స్క్రూడ్రైవరు మొనతో తడిమి చూడాలి.

తిరిగి బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు కొత్తదే వేయాలి, మడత నొక్కిన నట్టు ఒక్కసారికే. దాని బిగువు చాలా చిన్న కార్లకు 150 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతన్నది సర్వీసు మాన్యువల్లో చూసి, బిగువును కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. గాలి గన్నుతో బర్రుమని బిగించి వదిలేస్తే ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు. నేను టార్క్ రెంచి కావాలని పట్టుబట్టేసరికి పక్క షెడ్డు నుంచి తెప్పించారు. స్ట్రట్టు బోల్టులను పెయింటు గుర్తుల మీదికే తెచ్చినా, పని అయ్యాక అలైన్‌మెంటు చూపించుకోవాలి. బండి కదిలించే ముందు బ్రేకు పెడలును నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడనివ్వాలి, క్యాలిపరు తీసినప్పుడు వెనక్కు జరిగిన పిస్టను అప్పుడే ముందుకు వస్తుంది.

హైవే మీద అదే 80 వేగంలో హోరు పోయింది, టైర్ల మామూలు చప్పుడు మిగిలింది. మిగిలిన మూడు చక్రాలూ అదే నీళ్లలో నిలిచినవే కాబట్టి వాటిని ఊరికే వదిలిపెట్టలేదు. టైర్లు మార్పించినప్పుడల్లా బండి ఎలాగూ పైకి లేస్తుంది కాబట్టి అప్పుడే స్ప్రింగు మీద వేళ్లు పెట్టి చూస్తున్నాను. వెనక చక్రాలకు డ్రైవ్ షాఫ్టు ఉండదు, చేత్తో తేలిగ్గా తిరుగుతాయి కాబట్టి పరీక్ష ఇంకా సులువు, హ్యాండ్ బ్రేకు మాత్రం దించి ఉంచాలి. కుడి వెనక చక్రంలో ఈ మధ్య సన్నని జలజల మొదలైంది. రోడ్డు మీద ఇంకా వినిపించడం లేదు. దానికి కావలసిన బేరింగు నంబరు రాసి పెట్టుకున్నాను.